వెనుక నడిచే యాప్‌లు: తీసేయాలా, కట్టడి చేయాలా, ఫోన్‌కే వదిలేయాలా?

ఫోన్ పక్కన పెట్టే ముందు ఇటీవల వాడిన యాప్‌ల తెర తెరిచి, అక్కడ కనిపించే ప్రతి యాప్‌నూ వేలితో పైకి తోసేసి, ఇక ఛార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుందని నిశ్చింతగా ఉండేవారు మన చుట్టూ చాలామంది ఉన్నారు. రోజుకు ఎన్నోసార్లు ఓపికగా చేసే ఈ పనివల్ల బ్యాటరీకి కలిగే మేలు దాదాపు ఏమీ లేదు, కొన్ని యాప్‌ల విషయంలో నష్టం కూడా ఉంది. అలాగని వెనుక నడిచే యాప్‌లు ఛార్జింగ్ తినవని కాదు. తింటాయి, కానీ అన్నీ తినవు. సాధారణంగా ఒక ఫోన్‌లో అలా తినేవి నాలుగైదుకు మించవు. ఆ నాలుగైదింటిని గుర్తుపట్టి, వాటికి తగిన కట్టడి పెట్టి, మిగిలినవాటి జోలికి వెళ్లకుండా ఉండడమే సరైన పద్ధతి అని నా నమ్మకం. కట్టడి పెట్టడానికి ఫోన్‌లోనే ఐదారు మార్గాలున్నాయి. అవి పైకి ఒకేలా కనిపించినా వాటి పనితీరు వేరు, ఒకటి పెట్టాల్సిన చోట ఇంకొకటి పెడితే ఛార్జింగ్ మిగలకపోగా అందవలసిన కబురు అందకుండా పోతుంది.

అసలు వెనుక ఏం జరుగుతుంది?

ఇటీవలి యాప్‌ల తెర మీద వరుసగా కనిపించేవన్నీ నడుస్తున్న యాప్‌లు కావు. మనం ఈ మధ్య తెరిచినవాటి జాబితా మాత్రమే అది. అందులో ఎక్కువ భాగం మెమరీలో కదలకుండా పడి ఉంటాయి. ప్రాసెసర్ వాటికి సమయం కేటాయించదు. మెమరీ చిప్‌కు అందే విద్యుత్తు అందులో యాప్‌లు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా ఒకేలా ఖర్చవుతుంది కాబట్టి, మెమరీని ఖాళీ చేసినంత మాత్రాన ఛార్జింగ్ మిగలదు. రెండో రకం యాప్‌లు అప్పుడప్పుడూ మేల్కొని, కొత్త సమాచారం తెచ్చుకుని, మళ్లీ పడుకుంటాయి. మెయిల్, వార్తలు, సోషల్ మీడియా యాప్‌లు ఈ కోవకు చెందుతాయి. మూడో రకం మనం ఫోన్ జేబులో పెట్టుకున్నా ఆగకుండా పనిచేస్తూనే ఉంటాయి: పాటలు వినిపించేవి, దారి చూపేవి, నడకను నమోదు చేసేవి. మన ఆలోచన రెండో రకం మీద, మూడో రకంలో మనకు తెలియకుండా చేరిపోయినవాటి మీద ఉండాలి.

ఛార్జింగ్ ఎక్కడ పోతుందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఏ మార్గం ఎంచుకోవాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది. మొబైల్ డేటా మీద ఒక యాప్ చిన్న సమాచారం తెచ్చుకున్నా, ఆ పని అయిన వెంటనే ఫోన్‌లోని రేడియో, అంటే సిగ్నల్ అందుకునే, పంపే భాగం, పడుకోదు. ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లపాటు ఎక్కువ శక్తి వాడుకునే స్థితిలోనే ఉండిపోతుంది. అందువల్ల ఒకేసారి పెద్ద ఫైల్ తెచ్చుకునే యాప్ కంటే, ప్రతి కొన్ని నిమిషాలకూ ఒకసారి చిన్న చిన్న పలకరింపులు పంపే యాప్ ఎక్కువ ఛార్జింగ్ తినగలదు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట రేడియో ఇంకా గట్టిగా శ్రమించాలి, అక్కడ ఈ తేడా మరింత పెరుగుతుంది. దీనికి తోడు జీపీఎస్‌ను పదే పదే అడిగే యాప్‌లు, తెర ఆరిపోయాక కూడా ప్రాసెసర్‌ను పడుకోనివ్వకుండా పట్టి ఉంచే యాప్‌లు ఉంటాయి. మెమరీలో కదలకుండా ఉన్న యాప్ ఈ పనులేవీ చేయడం లేదు. దాన్ని పైకి తోసేసి మనం ఆపింది ఏదీ లేదు.

పైకి తోసేయడం, ఫోర్స్ స్టాప్, క్లీనర్ యాప్‌లు

తోసేసిన యాప్‌ను మళ్లీ తెరిచినప్పుడు ఫోన్ దాన్ని మొదటి నుంచి పైకి తేవాలి: నిల్వ నుంచి కోడ్ చదవాలి, మెమరీలో అమర్చాలి, తెరను కొత్తగా గీయాలి, చాలాసార్లు సమాచారం కూడా మళ్లీ తెచ్చుకోవాలి. మెమరీలో ఉన్న యాప్‌ను ముందుకు తేవడానికి పట్టే శ్రమతో పోలిస్తే ఇది ఎంతో ఎక్కువ. గంటకు నాలుగుసార్లు తెరిచే మెసేజింగ్ యాప్‌ను నాలుగుసార్లూ తోసేసేవారు, ఈ పనిని రోజుకు పదుల సార్లు ఫోన్ చేత చేయిస్తున్నారన్నమాట. 2016లో ఇదే విషయం మీద ఒక వినియోగదారు అడిగిన ప్రశ్నకు యాపిల్ సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి క్రెయిగ్ ఫెడరీగి, బ్యాటరీ కోసం యాప్‌లను తోసేయవలసిన అవసరం లేదని జవాబిచ్చారు. ఆ రోజుల్లోనే ఆండ్రాయిడ్ బాధ్యతలు చూస్తున్న హిరోషి లాక్‌హైమర్ కూడా ఆ మాటనే సమర్థించారు. తోసేయడం ఉపయోగపడేది రెండు సందర్భాల్లోనే: యాప్ బిగుసుకుపోయి స్పందించనప్పుడు, లేదా దారి చూపడం, రికార్డింగ్ వంటి పని ముగిసినా అది ఆగలేదని అనుమానం వచ్చినప్పుడు.

ఐఫోన్‌లో తోసేసిన యాప్‌ను మనం మళ్లీ తెరిచేవరకు దాని బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్ (వెనుక ఉండి కొత్త సమాచారం తెచ్చుకోవడం) ఆగిపోతుంది, కంటికి కనిపించే నోటిఫికేషన్లు మాత్రం వస్తూనే ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా తోసేసిన యాప్ ముందే పెట్టుకున్న పనులు అలాగే ఉంటాయి, సమయం రాగానే అది తిరిగి లేస్తుంది. అయితే కొన్ని తయారీ సంస్థలు తమ ఫోన్లలో తోసేయడాన్ని దాదాపు ఫోర్స్ స్టాప్‌తో, అంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాప్‌ను పూర్తిగా ఆపేయడంతో సమానం చేశాయి. కాబట్టి ఒకే అలవాటు ఒక ఫోన్‌లో ఏ ఫలితమూ ఇవ్వకుండా, ఇంకో ఫోన్‌లో మెసేజ్‌లు ఆలస్యం కావడానికి కారణమవుతుంది.

ఫోర్స్ స్టాప్ దీనికంటే కఠినమైనది. ఆండ్రాయిడ్‌లో ఫోర్స్ స్టాప్ చేసిన యాప్‌ను మనం చేతితో తెరిచేదాకా అది తనంతట తాను లేవదు, దానికి పంపిన నోటిఫికేషన్లు కూడా అందవు. ఒక యాప్ తప్పుగా ప్రవర్తిస్తున్నప్పుడు, ఉదాహరణకు ఫోన్ కారణం లేకుండా వేడెక్కుతున్నప్పుడు, తాత్కాలికంగా ఆపడానికి ఇది మంచి సాధనం. రోజువారీ అలవాటుగా మాత్రం పనికిరాదు.

ఇక ఒక్క నొక్కుతో అన్నింటినీ ఆపేస్తామని చెప్పే క్లీనర్, బూస్టర్ యాప్‌ల గురించి ఎక్కువ మాట్లాడనవసరం లేదు. అవి ఆపినవాటిలో చాలా భాగం మళ్లీ లేస్తాయి, ఆ లేవడానికి శక్తి ఖర్చవుతుంది, పైగా ఆ క్లీనరే ఎప్పుడూ మేల్కొని ఉండే ఇంకో యాప్ అవుతుంది. ఉంటే తీసేయండి.

ఫోన్‌కే వదిలేస్తే?

చాలామందికి ఈ మార్గమే మేలని నేను అనడానికి కారణం, గత పదేళ్లలో ఫోన్ల వ్యవస్థ ఈ పనిని బాగా నేర్చుకోవడం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. ఛార్జర్‌కు కలపకుండా, తెర ఆర్పి, కదలకుండా ఉంచిన ఫోన్ కాసేపటికి గాఢనిద్రలోకి జారుకుంటుంది; యాప్‌ల పనులన్నింటినీ వాయిదా వేసి, ఎడం పెంచుకుంటూ పోయే కొద్దిపాటి విరామాల్లో ఒక్కసారిగా చేయనిస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 7లో, ఫోన్ జేబులో కదులుతున్నప్పుడు కూడా ఇందులో కొంత భాగం అమలయ్యేలా మార్చారు. 2017లో ఆండ్రాయిడ్ 8, వెనుక ఉన్న యాప్ తాను ఎక్కడ ఉన్నదో గంటకు కొద్దిసార్లు మాత్రమే తెలుసుకునేలా పరిమితి పెట్టింది. 2018లో ఆండ్రాయిడ్ 9, మన వాడకాన్ని గమనించి తరచుగా వాడే యాప్‌లకు ఎక్కువ అవకాశాన్ని, అరుదుగా వాడేవాటికి తక్కువ అవకాశాన్ని ఇచ్చే అడాప్టివ్ బ్యాటరీని తెచ్చింది. ఆండ్రాయిడ్ 12 నుంచి, నెలల తరబడి తెరవని యాప్‌ను వ్యవస్థే నిద్రపుచ్చి, దానికిచ్చిన అనుమతులను వెనక్కి తీసుకుంటుంది. ఐఫోన్ విషయానికి వస్తే, 2013లో దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7తో వచ్చిన బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్ మొదటి నుంచీ వ్యవస్థ చేతిలోనే ఉంది. ఏ యాప్ ఎప్పుడు లేవాలన్నది మన వాడకాన్ని బట్టి ఐఓఎస్ నిర్ణయిస్తుంది.

ఇక్కడ మరో మాట కూడా తెలిసి ఉండాలి. మెసేజ్ రాగానే మోగడం కోసం ప్రతి యాప్ తన సర్వర్‌తో విడిగా సంబంధం పెట్టుకుని కూర్చోవలసిన పని లేదు. అన్ని యాప్‌ల కబుర్లూ వ్యవస్థ నడిపే ఒకే ఉమ్మడి దారిలో వస్తాయి, ఎవరికి కబురు వస్తే ఆ యాప్‌ను వ్యవస్థ లేపుతుంది. అందుకే మెసేజింగ్ యాప్ ఉండడం వల్లనే ఛార్జింగ్ పోతుందన్న భయం చాలావరకు నిరాధారం. దానిలోని గ్రూపుల్లో రోజంతా వచ్చి పడే వీడియోలు తమంతట తామే డౌన్‌లోడ్ కావడం వల్ల పోవచ్చు, కానీ అది ఆ యాప్ సెట్టింగ్స్‌లోనే సరిచేసుకోదగినది.

యాప్‌వారీ కట్టడి

ఫోన్‌కు వదిలేసినా ఒకటి రెండు యాప్‌లు దారికి రానప్పుడు, ఒక్కో యాప్‌కు విడిగా కట్టడి పెట్టే మార్గం వాడాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో యాప్ సమాచారంలో బ్యాటరీ అన్నచోట మూడు మెట్లు కనిపిస్తాయి. అన్‌రిస్ట్రిక్టెడ్ అంటే వెనుక ఎంతసేపు నడిచినా అడ్డు లేదు. ఆప్టిమైజ్డ్ అంటే వాడకాన్ని బట్టి వ్యవస్థ నిర్ణయిస్తుంది. యాప్‌లు సాధారణంగా ఇక్కడే మొదలవుతాయి. రిస్ట్రిక్టెడ్ అంటే తెర మీద లేనప్పుడు ఆ యాప్ దాదాపు ఏ పనీ చేయలేదు, దాని నోటిఫికేషన్లు ఆలస్యం కావచ్చు లేదా రాకపోవచ్చు. శామ్‌సంగ్ ఫోన్లలో ఇదే ఆలోచన స్లీపింగ్ యాప్‌లు, డీప్ స్లీపింగ్ యాప్‌లు అన్న జాబితాల రూపంలో ఉంటుంది. మొదటి జాబితాలోనివి అప్పుడప్పుడూ లేస్తాయి, రెండో జాబితాలోనివి మనం తెరిస్తేనే నడుస్తాయి. షావోమీ ఫోన్లలో ఆటోస్టార్ట్ అన్న అనుమతి ఇంకొకటి ఉంది. యాప్ తనంతట తాను మొదలవ్వాలా వద్దా అన్నది దాని మీద ఆధారపడుతుంది. ఐఫోన్‌లో ఇన్ని మెట్లు లేవు. బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్‌ను పూర్తిగా ఆపవచ్చు, వైఫై ఉన్నప్పుడే అనుమతించవచ్చు, లేదా యాప్‌ల జాబితాలో వద్దనుకున్నవాటికి మాత్రమే తీసేయవచ్చు. మూడో పద్ధతే అన్నింటికంటే మంచిది. రిఫ్రెష్ ఆపినా మెసేజ్‌ల నోటిఫికేషన్లు ఆగవు కాబట్టి, ఐఫోన్ వాడేవారికి ఈ కట్టడిలో పెద్ద ప్రమాదం లేదు.

ఆండ్రాయిడ్‌లో ప్రమాదం ఉంది, అది నాకు అనుభవం. మా అమ్మ ఫోన్‌లో ఛార్జింగ్ సాయంత్రానికే దిగిపోతోందని, ఒక రోజు కూర్చుని పాతిక ముప్పై యాప్‌లను వరుసగా రిస్ట్రిక్టెడ్‌లో పెట్టాను. వాటిలో మందుల వేళను గుర్తుచేసే యాప్ కూడా ఉందన్నది గమనించలేదు. ఉదయం పూట ఆమె ఆ యాప్ తెరిచి చూసుకుంటుంది కాబట్టి తేడా తెలియలేదు. రాత్రి మోగవలసిన గంట వరుసగా రెండు రోజులు మోగలేదు, రాత్రి మాత్ర రెండు రోజులూ తప్పింది. ఫోన్ మాత్రం ఆ రెండు రోజులూ మునుపటిలాగే సాయంత్రానికి దిగిపోయింది, ఎందుకంటే అసలు కారణమైన వాతావరణం యాప్‌ను నేను ముట్టుకోలేదు. అది రోజంతా లొకేషన్ అడుగుతూ కూర్చుంది. పాతిక యాప్‌లను కట్టడి చేసి, ఆపవలసిన ఒక్కదాన్ని వదిలేసిన ఆ తప్పు తర్వాత నేను నాకోసం పెట్టుకున్న నియమం ఏమిటంటే, సెట్టింగ్స్‌లోని బ్యాటరీ పేజీలో కారణం కనిపించని యాప్‌కు కట్టడి పెట్టను.

బ్యాటరీ సేవర్, లో పవర్ మోడ్

ఇవి ఒక యాప్‌ను కాక ఫోన్ మొత్తాన్ని ఒకేసారి నెమ్మదింపజేస్తాయి. ఐఓఎస్ 9తో 2015లో వచ్చిన లో పవర్ మోడ్ బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్‌ను, మెయిల్ తనంతట తాను రావడాన్ని, ఆటోమేటిక్ డౌన్‌లోడ్లను ఆపి, తెరను 30 సెకన్లకే లాక్ చేస్తుంది. ఛార్జింగ్ 20 శాతానికి దిగినప్పుడు ఐఫోన్ దీన్ని తానే గుర్తుచేస్తుంది, ఛార్జర్ పెట్టాక 80 శాతం దాటితే తీసేస్తుంది. ఆండ్రాయిడ్‌లోని బ్యాటరీ సేవర్ కూడా వెనుక పనులను, లొకేషన్‌ను, కొన్ని యానిమేషన్లను తగ్గిస్తుంది, ఎన్ని శాతం దగ్గర మొదలవ్వాలో మనమే చెప్పవచ్చు. ప్రయాణంలో ఉన్నరోజు, ఛార్జర్ దొరకని రోజు ఇంతకంటే మంచి మార్గం లేదు, ఉదయమే మొదలుపెట్టినా తప్పు లేదు. ఎప్పుడూ పెట్టి ఉంచడం మాత్రం నేను సూచించను. ఫోటోల బ్యాకప్ రోజుల తరబడి ఆగిపోతుంది, మెయిల్ తెరిస్తే తప్ప రాదు, అన్నింటికంటే ముఖ్యంగా ఏ యాప్ వల్ల ఛార్జింగ్ పోతోందో కనిపెట్టే అవకాశం కూడా పోతుంది.

అనుమతులు తగ్గించడం, తీసేయడం

తక్కువ మంది వాడే మార్గం ఇది, నాకు అన్నింటికంటే ఇష్టమైనది కూడా ఇదే, ఎందుకంటే యాప్‌ను ఆపకుండా దాని దుబారాను మాత్రమే ఆపుతుంది. లొకేషన్ అనుమతుల పేజీ తెరిచి, ఎప్పుడూ అనుమతించు అని ఉన్న యాప్‌లను ఒక్కొక్కటిగా చూడండి. వాతావరణం, షాపింగ్, ఫోటోలు వంటివి చాలావరకు వాడుతున్నప్పుడు మాత్రమే అన్న స్థాయికి మారిస్తే సరిపోతుంది. కుటుంబ సభ్యుల ఆచూకీ పంచుకునే యాప్‌కు ఎప్పుడూ అన్న అనుమతి అవసరం, దాన్ని అలాగే ఉంచాలి. మెయిల్‌లో నాలుగు ఖాతాలుంటే నాలుగూ ప్రతి 15 నిమిషాలకూ వెతుక్కోనక్కరలేదు. ముఖ్యమైన ఒకదాన్ని పుష్‌లో (మెయిల్ రాగానే అందేలా) ఉంచి, మిగిలినవాటిని గంటకొకసారి లేదా తెరిచినప్పుడు మాత్రమే వచ్చేలా మార్చండి. ఆటలు, షాపింగ్ యాప్‌లు పంపే ప్రకటనల నోటిఫికేషన్లు ఒక్కొక్కటీ తెరను వెలిగిస్తాయి, వాటిని ఆపితే ఛార్జింగ్‌తో పాటు మనశ్శాంతి కూడా మిగులుతుంది.

నెలకొకసారి కూడా తెరవని యాప్‌కు కట్టడి ఆలోచించడం వృథా శ్రమ, తీసేయడమే మేలు. ఫోన్‌తో వచ్చి తొలగించడానికి వీలుకానివాటిలో కొన్నింటికి డిజేబుల్ అన్న మీట ఉంటుంది. ఏ పనికో తెలియని సిస్టమ్ యాప్‌లను మాత్రం ముట్టుకోకండి.

ఏది ఎంచుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

ముందు బ్యాటరీ పేజీ చూడాలి. అక్కడ యాప్ పక్కన ఉండే శాతం కంటే, తెర మీద ఎంతసేపు ఉంది, వెనుక ఎంతసేపు ఉంది అన్న రెండు సమయాలు ముఖ్యం. ఒక వీడియో యాప్ 22 శాతం వాడి, తెర మీద రెండు గంటలు, వెనుక రెండు నిమిషాలు చూపిస్తోందనుకుందాం. అది మన వాడకం, దానికి కట్టడి పెట్టి ప్రయోజనం లేదు. దాని కిందే ఒక షాపింగ్ యాప్ 6 శాతం వాడి, తెర మీద మూడు నిమిషాలు, వెనుక నాలుగు గంటలు చూపిస్తే, పట్టుకోవలసింది దాన్ని. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ తెరను పూర్తిగా కిందికి లాగితే ఆ క్షణంలో వెనుక నడుస్తున్న యాప్‌ల సంఖ్య కనిపిస్తుంది, అక్కడే ఆపడానికి మీట కూడా ఉంటుంది.

రెండోది రాత్రి పరీక్ష. పడుకునే ముందు ఛార్జింగ్ ఎంత ఉందో రాసుకుని, ఛార్జర్ పెట్టకుండా వదిలేసి, ఉదయం లేవగానే చూడండి. ఫోన్ బాగున్నప్పుడు రాత్రంతా దిగేది కొద్ది శాతమే. 84 మీద పడుకుని 80 మీద లేస్తే వెనుక యాప్‌లతో మీకు సమస్య లేదు, పగలు దిగేది తెర వల్ల, వాడకం వల్ల. ఈ వ్యాసంలో చెప్పినవేవీ చేయనక్కరలేదు. 84 మీద పడుకుని 62 మీద లేస్తే ఎవరో రాత్రంతా మేల్కొని ఉన్నారు. మరుసటి రాత్రి మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపి ఇదే పరీక్ష చేస్తే, ఆ మేల్కొన్నది నెట్ వాడేదా కాదా అన్నది కూడా తేలుతుంది.

దోషి దొరికాక, ఆ యాప్ మనకు చేసే పనిని బట్టి మార్గం మారుతుంది. అలారం, మందుల గుర్తు, చేతి గడియారంతో లేదా ఆరోగ్య పరికరంతో కలిసి పనిచేసేది, ఉద్యోగరీత్యా పిలుపు వెంటనే అందవలసినది అయితే, అది బ్యాటరీ పేజీలో పైన కనిపించినా సరే అన్‌రిస్ట్రిక్టెడ్‌లోనే ఉంచి, ఛార్జింగ్‌ను ఇంకో చోట మిగుల్చుకోవాలి. మెసేజింగ్, బ్యాంకు యాప్‌లు ఆప్టిమైజ్డ్‌లో ఉంటే చాలు. సోషల్ మీడియా, వార్తలు, వీడియోలు, షాపింగ్, ఆటలు రిస్ట్రిక్టెడ్‌కు లేదా డీప్ స్లీపింగ్ జాబితాకు వెళ్లవచ్చు. తెరిచినప్పుడు కొత్త విషయాలు రావడానికి రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. మ్యాప్‌ల యాప్‌కు కట్టడి కాక లొకేషన్ అనుమతి తగ్గించడం సరైనది. రోజంతా లొకేషన్ ఆన్‌లో ఉంచి వాహనం నడిపేవారికి, సరుకులు చేరవేసేవారికి ఈ కట్టడులేవీ పెద్దగా కలిసిరావు. వారి యాప్ ఆగితే పని ఆగుతుంది కాబట్టి, వారు వెంట పవర్ బ్యాంకు ఉంచుకోవడమే నిజాయితీగా చెప్పదగిన సలహా.

రెండు మూడేళ్లు వాడిన ఫోన్‌లో రాత్రి పరీక్ష బాగానే ఉండి, పగలు మాత్రం 30 శాతం నుంచి ఒక్కసారిగా ఆరిపోతుంటే, అది యాప్‌ల తప్పు కాదు, బ్యాటరీ అరిగింది. ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ పేజీ దాని మిగిలిన సామర్థ్యాన్ని చూపిస్తుంది. 80 శాతం కంటే తక్కువ ఉంటే కట్టడుల మీద కాలం గడపకుండా బ్యాటరీ మార్పించుకోవాలి.

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒకటి రెండు యాప్‌లకే చేసి, మూడు నాలుగు రోజులు గమనించాక తర్వాతిదానికి వెళ్లాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. పెద్దవారి ఫోన్‌లో మార్పులు చేసినట్లయితే చివరగా ఒక పని తప్పక చేయండి: గుర్తుచేసే యాప్‌లో రెండు గంటల తర్వాత మోగేలా ఒక గంట పెట్టి, ఛార్జర్ తీసి, తెర ఆర్పి, ఫోన్‌ను బల్ల మీద కదలకుండా ఉంచండి. అది సమయానికి మోగిన తర్వాతే ఆ ఫోన్‌ను తిరిగి వారి చేతికివ్వండి.